ఎల్దమొస్తవ: ఒక పాటల దండు కథ

1972లో హైదరాబాదులో పుట్టిన జననాట్యమండలి గురించి రాజకీయ చరిత్రకారులు చాలా వ్రాశారు. పోలీసు దస్త్రాలూ తమ వంతుగా వ్రాసుకున్నాయి. ఆ బృందం నమ్మిన మార్గంలోని మంచిచెడ్డల విచారణ నా శక్తికి మించినది, ఈ వ్యాసానికి అక్కరలేనిది కూడా. అది ముందుగా ఒక పాటల దండు. ఆ దండు ఏ భాషలో పాడింది, ఆ భాష తెలుగుకు ఏమి చేసింది అన్నదే ఇక్కడ నా విచారణ.

ఏ బృందమూ ఆకాశం నుండి ఊడిపడదు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను పురాణకాలక్షేపం నుండి వర్తమానానికి నడిపించింది. షేక్ నాజర్ తంబురా పట్టి అల్లూరి సీతారామరాజు కథ చెబుతుంటే జనం విరగబడి విన్నారు. ఆ సీతారామరాజు సమాధి నేటి అనకాపల్లి జిల్లాలోని కృష్ణదేవిపేటలోనే ఉన్నది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి వ్రాసిన 'మాభూమి' నాటకాన్ని అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. పాటకూ ఆటకూ ప్రభువులు భయపడటం మనవారికి కొత్త కాదు.

తరువాతి మెట్టు ఉత్తరాంధ్రది. బొడ్డపాడు గుడిలో అర్చకత్వం చేసిన సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను చేపట్టాడు. జముకు మహావాద్యమేమీ కాదు. ఒక గుల్ల, ఒకవైపు తోలు, ఆ తోలు నడుమ నుండి లాగిన ఒక తీగ. తీగను మీటితే వాద్యం తన పేరు తానే చెప్పుకుంటుంది. గ్రామదేవతల కథలకు తోడు నిలిచిన ఆ వాద్యం పాణిగ్రాహి చేతిలో భూమి లేనివాని కథకు తోడు నిలిచింది. శ్రీకాకుళ పోరాటంలో చేరిన ఆయన 1969 డిసెంబరులో రంగమటియా కొండలలో పోలీసు తూటాలకు బలియయ్యాడు.

ఈ రెండు వారసత్వాలూ జననాట్యమండలిలో కలిశాయి. బి. నరసింగరావు హైదరాబాదులో నడిపిన 'ఆర్ట్ లవర్స్' సంఘమే దానికి బీజం. అక్కడికి తూప్రాన్ నుండి వచ్చిన గుమ్మడి విఠల్‌రావు చేరాడు. ఆయన పాటల పుస్తకం 'గద్దర్' అన్న పేరుతో వెలువడింది. 1913నాటి గదర్ పార్టీ స్మృతిగా పెట్టిన ఆ పేరు అట్ట మీది నుండి మనిషి మీదికి ఎక్కింది, అసలు పేరు మరుగున పడింది. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లికి చెందిన వంగపండు ప్రసాదరావు మరొక స్తంభం. తరువాత దివాకర్, సంజీవ్, డప్పు రమేశ్ వంటివారు జతకలిశారు. భుజాన గొంగళి, కాళ్లకు గజ్జెలు, చేత డప్పు. రంగస్థలం అక్కరలేదు, మైకు లేకున్నా పాట ఆగదు. ఒగ్గుకథ, వీధిభాగోతం, ఊడ్పుల పాట, ఏది దొరికితే అది వారి ముడిసరుకు.

ఇక భాష సంగతి. వంగపండు పాటలలో లోకానికి ఎక్కువగా తెలిసినది 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ'. ఈ పల్లవిలోని చివరి మాటను ఒక్కసారి విడదీసి చూడండి. 'వెళ్దాం'లోని వకారం లోపించింది, ళకారం లకారమైంది, దీర్ఘం కుదించుకున్నది. 'వస్తావా' అన్నది 'ఒస్తవ'గా మారింది. సున్న మకారమై అచ్చుతో కలిసింది. వెరసి ఎల్దమొస్తవ. సూత్రాలకు కట్టుబడిన పండితుడు దీనిని అపభ్రంశమంటాడు. కాని ఇందులో సంధి ఉన్నది, క్రమం ఉన్నది, అదే మార్పు అదే చోట మళ్లీ మళ్లీ జరిగే నియమం ఉన్నది. నియమమున్నదానిని తప్పు అనడం వ్యాకరణానికే తగదు. వాడుక భాష కోసం ఉద్యమించిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) ఈ ఉత్తరాంధ్ర గడ్డ మీదివారే. అయితే ఆయన వాదన వలన పుస్తకాలకెక్కినది ప్రధానంగా శిష్టుల వాడుక. పొలం గట్టు మాట, కళ్లం మాట, వల లాగేవాని మాట మాత్రం గుమ్మం బయటే నిలబడింది. దానిని లోపలికి తెచ్చినవారిలో ఈ పాటగాళ్లు ముందువరుసలో ఉన్నారు.

సరిగా ఈ కాలంలోనే, వీరి ఊసు తెలియకుండానే, ఇంగ్లండులో ఇటువంటి పని ఒకటి జరిగింది. 1976లో మాంచెస్టరు దగ్గరి కుర్రవాళ్లు పీట్ షెల్లీ, హొవార్డ్ డివోటో 'బజ్‌కాక్స్' అన్న పంక్ బృందాన్ని కట్టారు. వారి పేరు కూడా ఒక అచ్చు కాగితం నుండి, ఒక పత్రికలోని సమీక్ష శీర్షిక నుండి పుట్టినదే. పెద్ద కంపెనీల గడప తొక్కకుండా సుమారు 500 పౌండ్లు అప్పు చేసి, 1977 జనవరిలో 4 పాటల రికార్డును తామే వెలువరించారు. మొదటి విడత 1000 ప్రతులు. 'మాకు వాద్యవిద్య పూర్తిగా రాకపోవచ్చు, చెప్పవలసిన మాట ఉన్నది' అన్నదే పంక్ సారాంశం. షెల్లీ ఆ హోరులో తియ్యని బాణీ కలిపాడు. ఆ కలయికకు పవర్ పాప్ అని పేరు. ఆ మాటను 1967లోనే పీట్ టౌన్షెండ్ వాడి ఉన్నాడు. అమెరికా యాసను అరువు తెచ్చుకొని పాడటం అక్కడి రాక్ పాటగాళ్లకు అలవాటు. షెల్లీ తన లాంకషైర్ యాసలోనే పాడాడు. ఆ బృందం 1981లో విడిపోయి, 1989లో మళ్లీ కలిసింది. షెల్లీ 2018 డిసెంబరులో కన్నుమూశాడు.

పోలిక అంతవరకే. షెల్లీ పాడినది ఒంటరి ప్రేమ బాధ, మనవారు పాడినది ఊరి బాధ. అయినా ఒక మర్మం ఇద్దరికీ తెలుసు. కోపానికి తియ్యని బాణీ తొడిగితే అది చెవిలో నిలుస్తుంది. 'ఎల్దమొస్తవ' అన్న పిలుపులో సరసం ధ్వనిస్తుంది. పిలిచేది మాత్రం పోరుకు. వాచ్యార్థం ఒకటి, వ్యంగ్యార్థం మరొకటి. ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వనికి ఉదాహరణను కావ్యాలలోనే వెదకనక్కరలేదు.

మనవారు చెల్లించిన మూల్యం వేరు. కారంచేడు ఘటన జరిగిన 1985లోనే గద్దర్ అజ్ఞాతంలోకి వెళ్లాడు. 1990 ఫిబ్రవరిలో నిజాం కళాశాల మైదానంలో మళ్లీ కనిపించినప్పుడు ఇసుక వేస్తే రాలనంత జనం వచ్చారు. 1992లో ప్రభుత్వం పీపుల్స్ వార్ పార్టీనీ, దాని అనుబంధ సంఘాలనూ నిషేధించింది. 1997 ఏప్రిల్ 6న గద్దర్ మీద ఆయన ఇంటి వద్దనే కాల్పులు జరిగాయి. ఒక తూటా వెన్నులోనే ఉండిపోయింది. దానితోనే ఆయన మరో 26 ఏళ్లు పాడాడు. వంగపండు 2020 ఆగస్టు 4న, గద్దర్ 2023 ఆగస్టు 6న వెళ్లిపోయారు. అప్పటికే ఇద్దరి దారులూ తొలినాటి దారి నుండి ఎంతో మారాయి. పాట మారలేదు.

మారకుండా నిలవడం సులువు కాదు. 1986లో 'అర్ధరాత్రి స్వాతంత్ర్యం' చిత్రంతో 'ఎల్దమొస్తవ' సినిమా తెరకెక్కింది. తెరకెక్కిన పాట పెళ్లి పందిట్లోనూ మోగుతుంది, ఎన్నికల బండి మీదా మోగుతుంది. అది తప్పు కాదు, పాటకు కాళ్లున్నాయని అర్థం. నా భయం వేరొకటి. పాటను చప్పట్లతో మెచ్చుకునే మనమే, అదే మాటను పిల్లవాడు వ్యాసంలో వ్రాస్తే ఎర్రసిరాతో కొట్టివేస్తాము. యాస వేదిక మీద కళ, తరగతిలో తప్పు! ఈ రెండు నాలుకల తీర్పు పిల్లవానికి నేర్పేది భాష కాదు, తన ఇంటి మాట మీద సిగ్గు.

నక్కపల్లి మండలంలోని రాజయ్యపేట తీరాన మత్స్యకారులు 2025లో బల్క్ డ్రగ్ పార్కు వద్దని నెలల తరబడి ఆందోళన చేశారు. వారి వాదంలోని న్యాయాన్యాయాలు ఎవరైనా తర్కించవచ్చును. కాని వారు తమ గోడు చెప్పుకున్నది తమ మాటలోనే. వినేవారికి ఆ మాట ఎబ్బెట్టుగా తోచకుండా చెవులను సిద్ధపరచినవారిలో గొంగళి కప్పుకొని గజ్జె కట్టిన ఆ పాటల దండు కూడా ఉన్నది. దాని జెండా నచ్చనివారు సైతం ఆ ఋణాన్ని కాదనలేరు. ప్రామాణిక భాషను నేర్పుదాము, తప్పక నేర్పుదాము. ఇంటి మాటను కొట్టివేసి కాక, దాని పక్కనే వ్రాసి నేర్పుదాము.