ఎడమ సగం

1993 ఆగస్టు 3. ఇటలీలో సముద్రపుటొడ్డు ఊరు రిమిని. అక్కడి గ్రాండ్ హోటల్లో సినీ దర్శకుడు ఫెడెరికో ఫెల్లీని కుప్పకూలాడు. వయసు 73. నాలుగు నెలల కిందటే హాలీవుడ్ గౌరవ ఆస్కార్ ఇచ్చి చప్పట్లు కొట్టింది. ఇప్పుడు మెదడు కుడిభాగంలో స్ట్రోక్. ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి.

తర్వాత ఫెరారాలోని శాన్ జార్జో ఆసుపత్రిలో చికిత్స జరిగింది. కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టమన్నారు. పెన్సిల్ మధ్య దాటి కుడివైపుకు పోయి ఆగింది. గీతలో ఎడమ భాగం ఆయన లెక్కలోకే రాలేదు. ఇది కంటి జబ్బు కాదు. ధ్యాస అటు పోదు, అంతే. వైద్యులు దీన్ని నెగ్లెక్ట్ అంటారు. ఇది వచ్చిన మనిషి కంచంలో ఎడమవైపు అన్నం అలాగే ఉండగా ఇంకాస్త పెట్టమంటాడు. గడ్డం ఒక చెంపకే గీసుకుంటాడు. పైగా చాలామంది తమకేమీ కాలేదని వాదిస్తారు.

ఫెల్లీని వాదించలేదు. తన లోపం తనకు తెలుసు. కుర్రతనంలో రోములో కార్టూన్లు గీసి పొట్టపోసుకున్నవాడు కదా, పరీక్ష కాగితాల మీది గీతలకు కూడా సరదా బొమ్మలు తగిలించాడు. అయినా గుర్తు మాత్రం మధ్యకు రాలేదు. ఆయనకు వైద్యం చేసిన అన్నా కాంటగల్లో, సెర్జియో డెల్లా సాలాతో కలిసి 1998లో ఈ కేసును వైద్య పత్రికలో రాశారు. జబ్బు సంగతి తెలియడం వేరు, తల అటు తిరగడం వేరు అని ఈ కేసు చూస్తే అర్థమవుతుంది. జూలియెట్టాతో పెళ్లయి యాభై ఏళ్లు నిండిన మర్నాడే, 1993 అక్టోబరు 31న, ఫెల్లీని పోయాడు.

మరి ఇలాంటివాళ్ల తల ఎడమకి తిప్పించేదెలా? ఇజ్రాయెల్లో నోమి కాట్జ్, తామర్ వైస్ బృందం 2005లో ఒక ప్రయత్నం ప్రచురించింది. కుడి మెదడు దెబ్బతిన్న 19 మందిలో 11 మందికి కంప్యూటర్ తెర మీద ఒక రోడ్డు చూపించారు. అటూ ఇటూ చూసుకుంటూ తెరలోని మనిషిని అవతలికి దాటించాలి. చూడకుండా అడుగేస్తే కారు గుద్దుతుంది, కానీ ఎవరి ఎముకా విరగదు. మిగతా 8 మందికి మామూలు కంప్యూటర్ అభ్యాసాలు. కాగితం పరీక్షల్లో రెండు జట్లూ సమానంగానే వచ్చాయి. నిజమైన రోడ్డు దగ్గర మాత్రం కొన్ని విషయాల్లో మొదటి జట్టు మెరుగు. 19 మందితో పండగ చేసుకోనక్కర్లేదు గానీ, కొట్టిపారేసే ఫలితమూ కాదు.

ఇప్పుడు తెర పోయి కళ్లకు తగిలించుకునే హెడ్‌సెట్లు వచ్చాయి. రేపో మాపో ఒంగోలుకీ వస్తాయి. నా సందేహమల్లా అందులో కనబడే రోడ్డు ఎవరిదని. ఇజ్రాయెల్లో బళ్లు కుడివైపు నడుస్తాయి, కాబట్టి రోడ్డు మీదికి దిగీ దిగగానే ప్రమాదం ఎడమనుంచి వస్తుంది. మనకు ఇది తారుమారు. చీమకుర్తిలో కర్నూలు రోడ్డు దాటే నెగ్లెక్ట్ రోగికి గెలాక్సీ గ్రానైటు దిమ్మెలేసుకున్న లారీ ముందు కుడినుంచి వస్తుంది. కుడివైపు ఆయనకు బాగానే తెలుస్తుంది. ఆగుతాడు, చూస్తాడు, నిబ్బరంగా సగం రోడ్డు దాటేస్తాడు. ఇవతల నిలబడ్డ ఇంట్లోవాళ్లు మనిషి కోలుకున్నాడనుకుంటారు. ఎడమనుంచి వచ్చే లారీ ఉన్నది ఆ రెండో సగంలో. విదేశీ రోడ్డును ఉన్నదున్నట్టు దించుకుంటే, తల ఎప్పుడు తిప్పాలన్నదే తప్పు నేర్పినట్టవుతుంది. రాంగ్ రూట్లో దూసుకొచ్చే ఆటోను కూడా అందులో పెట్టాలి, అది లేకపోతే మన రోడ్డే కాదు.

అలాంటిది తయారయ్యేదాకా తోడు వెళ్లేవాళ్లు ఆయనకు ఎడమవైపున నడవాలి. రోడ్డు మధ్యకు రాగానే చెయ్యి పట్టి ఆపి, “పెదనాన్నా, ఎడమకి చూడు” అనాలి. హారన్ కొడతారులే అని ధీమాగా ఉండటానికీ లేదు. ఈ జబ్బులో కొందరికి ఎడమనుంచి వచ్చే చప్పుడు కూడా ధ్యాసకు రాదు.