ఓటమి పద్దు

కొన్నేళ్ళ క్రితం మా బావగారితో కలిసి లాస్ వేగాస్ వెళ్ళాను. నాకు జూదం మీద కన్నా జూదరులను చూడటం మీద ఆసక్తి ఎక్కువ. బావగారు ఒక స్లాట్ యంత్రం ముందు రెండు గంటలు కూర్చుని 120 డాలర్లు పోగొట్టుకున్నారు. అందుకాయన పెద్దగా చింతించలేదు. తీరా లేచేటప్పుడు చూస్తే, యంత్రంలో పెట్టిన సభ్యత్వ కార్డు పూర్తిగా లోపలికి దిగనే లేదు. అప్పుడు వాడిపోయింది ఆయన ముఖం. "డబ్బు పోతే పోయిందోయ్, లెక్కలోకి కూడా రాలేదు!" అన్నారు.

ఓడినవాడు తన ఓటమిని తానే శ్రద్ధగా నమోదు చేయించుకోవాలనుకునే ఈ వింత ఏర్పాటు ఎలా పుట్టిందా అని అప్పటినుంచీ చదువుతూ వచ్చాను.

న్యూజెర్సీ ప్రజలు 1976లో ఓటు వేసి అట్లాంటిక్ సిటీలో జూదశాలలకు అనుమతినిచ్చారు. 1978లో మొదటిది తెరుచుకుంది. పేకాట బల్లల దగ్గర పెద్ద పందేలు కాసేవారికి ఉచిత గదులూ, విందులూ అప్పటికే ఉండేవి. యంత్రంలో నాణేలు వేసే సామాన్యుడికి మాత్రం పేరూ ఊరూ లేవు. 1980ల తొలినాళ్ళలో, పోటీ పెరిగిన ఆ ఊళ్ళోనే, అతణ్ణి గుర్తించడానికి స్లాట్ క్లబ్బులు వెలిశాయి. తరువాత అయస్కాంతపు పట్టీ ఉన్న కార్డులూ, వాటిని చదివి కంప్యూటరుకు చేరవేసే పరికరాలూ వచ్చాయి.

ఆ కార్డు ప్రధానంగా లెక్కించేది గెలుపును కాదు, పందేన్ని. గంటకు 500 సార్లు డాలరు చొప్పున ఆడారనుకుందాం. నూటికి 8 అట్టిపెట్టుకునే యంత్రమైతే మీ 'అంచనా నష్టం' 40 డాలర్లు. ఆ రాత్రి మీరు గెలిచినా సరే, అంచనా మారదు. అందులో కొంత భాగమే భోజనంగానో, గదిగానో తిరిగి వస్తుంది. అందుకే అనుభవజ్ఞులు తెరపై తమ పేరు కనబడేదాకా మీట నొక్కరు. బల్లల దగ్గర లెక్క పర్యవేక్షకుడి కంటి అంచనా గనుక, కూర్చోగానే కార్డు చేతికిస్తారు.

1997లో హారాస్ సంస్థ తన శాలలన్నిటికీ కలిపి ఒకే కార్డు పెట్టింది. మరుసటి ఏడాది హార్వర్డ్ ఆచార్యుడు గ్యారీ లవ్‌మన్ అక్కడ చేరి ఆ లెక్కలను శోధించాడు. వచ్చేవారిలో 26 శాతం మందే 82 శాతం రాబడి తెస్తున్నారని తేలింది. వారు కోటీశ్వరులు కారు. మాజీ ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, యంత్రకారులు. ఆ సంస్థ వారసురాలైన సీజర్స్‌లోని ఒక ప్రధాన విభాగం 2015లో దివాలా తీసినప్పుడు, ఋణదాతలు ఈ కార్డుల సమాచారానికే సుమారు 100 కోట్ల డాలర్ల విలువ కట్టారు.

మన భారతంలో ధర్మరాజు ఒడ్డినవన్నీ పేరుపేరునా చెప్పబడ్డాయి. ఆ పద్దు రాసినవాడు వ్యాసుడు. ఇక్కడ పద్దు రాస్తున్నది శకునే.

అయితే పద్దు ఎవరి మేలుకన్నది అది ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. నార్వే 2007లో పాత యంత్రాలన్నీ తొలగించి, నష్టానికి హద్దు ఉన్న కార్డుతోనే ఆడగలిగే కొత్తవి తెచ్చింది. మెల్బోర్న్‌లోని క్రౌన్ శాలలో 2023 డిసెంబరు నుంచి కార్డు లేనిదే యంత్రం ఆడనివ్వరు; ముందే పెట్టుకున్న హద్దు దాటగానే ఆట ఆగుతుంది. పరికరం ఒకటే. ఒకచోట పిలుస్తుంది, మరొకచోట ఆపుతుంది.

అమెరికా శాలలు అడిగితే ఏడాది గెలుపోటముల పట్టిక ఇస్తాయి. ఆ సంగతి చెబితే బావగారు తెప్పించుకున్నారు. ఆ తర్వాత ఆయన కార్డు ఎప్పుడూ సరిగానే దిగింది కాబోలు, అంకె పెద్దదే. చాలాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. మా అక్కకు మాత్రం చూపించలేదు.