గోలీ మీది పేరు

ఒక సూక్ష్మజీవికి నూరేళ్లలో నాలుగు పేర్లు వచ్చాయి. మన మందుల దుకాణాల్లో మాత్రం అది ఇప్పటికీ ఎక్కువగా రెండో పేరుతోనే తిరుగుతోంది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పెరిగిన నా ఈడు వాళ్లకి ఆ జీవి తెలియకపోయినా గోలీ తెలుసు: స్పోర్లాక్. ఆర్ఎంపీ డాక్టరు జ్వరానికి యాంటీబయాటిక్ రాసినా, పిల్లలకి మోషన్లు పట్టుకున్నా చీటీలో రెండో వరసలో అదే. మా ఇంట్లో దాన్ని పెరుగు గోలీ అనేవాళ్లు. అట్ట మీద లాక్టోబాసిల్లస్ స్పోరోజెనెస్ అని ఉండేది. లాక్టో అంటే పాలు కదా, కాబట్టి పెరుగులో పురుగేదో ఎండబెట్టి బిళ్ల చేసి ఉంటారని మా నాన్న లెక్క. చదువుకున్న లెక్కే, తప్పు పట్టలేం. ఆ పేరు చదివిన వాళ్లెవరైనా అలాగే అనుకుంటారు.

పాలతో దానికి సంబంధం ఉంది గానీ, వేరే రకంగా. 1915లో అమెరికాలోని అయోవాలో డబ్బాల్లో పట్టిన చిక్కటి పాలు గడ్డకట్టి పాడైపోతుంటే, బి. డబ్ల్యు. హామర్ అనే శాస్త్రవేత్త కారణం వెతికి ఈ బ్యాక్టీరియాని పట్టుకున్నాడు. గడ్డకట్టిస్తుంది కాబట్టి బాసిల్లస్ కోయాగులన్స్ అని పేరు పెట్టాడు. అంటే ఈ కథలో మొదట అది ముద్దాయి. డబ్బాని వేడి చేసినా చావకుండా ఎలా మిగిలింది? పరిస్థితి బాగోలేనప్పుడు ఈ జీవి గట్టి కవచంలోకి ముడుచుకుని నిద్రపోతుంది. దాన్నే స్పోర్ అంటారు. వేడికి, ఎండకి, కడుపులోని ఆమ్లానికి కూడా అది లొంగదు. అనుకూలంగా ఉన్న చోటికి చేరాక మేలుకుంటుంది.

1930ల మొదట్లో హోరోవిట్జ్-వ్లాసోవా, నోవోటెల్నోవ్ అనే ఇద్దరు ఇలాంటి జీవినే వర్ణించి లాక్టోబాసిల్లస్ స్పోరోజెనెస్ అన్నారు. లాక్టిక్ ఆమ్లం చేస్తుంది కాబట్టి లాక్టోబాసిల్లస్, స్పోర్ చేస్తుంది కాబట్టి స్పోరోజెనెస్. చిక్కేమిటంటే లాక్టోబాసిల్లస్ జాతి స్పోర్లు చెయ్యదు. ఆ పేరులో మొదటి సగం రెండో సగాన్ని కాదంటుంది. కోడ్ రివ్యూలో ఇలాంటి పేరు కనిపిస్తే నేను వెనక్కి పంపిస్తాను. బ్యాక్టీరియాలకి రిజిస్టరు లాంటి బెర్గీ మాన్యువల్ దాన్ని ఐదో ముద్రణలో ఒప్పుకుంది, 1957 నాటి ఏడో ముద్రణలో మళ్లీ బాసిల్లస్ కోయాగులన్స్ కిందికి చేర్చింది.

సైన్సు పేరు సరిదిద్దుకుంది, వ్యాపారం మాత్రం పాతదే పట్టుకుంది. జపాన్‌లో 1949లో మొలకెత్తిన బార్లీ నుంచి నకయామా అనే ప్రొఫెసర్ ఈ జీవిని వేరు చేశాడు, శాంక్యో కంపెనీ దాన్ని మందు చేసింది. ఆ శాంక్యోతో కలిసి హైదరాబాద్‌లో యూని-శాంక్యో వచ్చింది, తర్వాత అదే శాంజైమ్ అయింది. స్పోర్లాక్ ఆ ఇంటి సరుకు. 2022లో జేబీ కెమికల్స్ ఆ బ్రాండుని, ఇంకొన్నింటిని కలిపి 628 కోట్లకి కొంది. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే మంచిర్యాలలో, ఫ్రిజ్ లేని అంగడిలో కూడా బతికుండే సూక్ష్మజీవి దొరికితే దాని చుట్టూ ఒక బజారు పుట్టడంలో వింత లేదు. పెరుగులో ఉండే లాక్టోబాసిల్లస్‌కి అంత ఓపిక ఉండదు.

సరే, పని చేస్తుందా?

పేపర్లు వెతకడం మొదలుపెట్టాక నాకు అర్థమైంది, ఈ ప్రశ్నని "దేనికి?" అని అడగకపోతే జవాబు దొరకదని. 2003లో ఇటలీలో లా రోసా బృందం యాంటీబయాటిక్స్ వాడుతున్న 120 మంది పిల్లల మీద పరీక్ష చేసింది. గోలీ వేసుకున్న వాళ్లలో 71 శాతం మందికి విరేచనాలు రాలేదు, ఉత్తుత్తి మందు తీసుకున్న వాళ్లలో ఆ లెక్క 38 శాతమే. చెప్పుకోదగ్గ తేడా. అయితే ఆ మందులో బ్యాక్టీరియాతో పాటు ఫ్రక్టో-ఒలిగోశాకరైడ్ అనే పీచు చక్కెర కూడా ఉంది. ఏది ఎంత పని చేసిందో విడదీయలేం.

పిల్లల నీళ్ల విరేచనాల సంగతి వేరు. 2011లో కలకత్తా పరిశోధకులు 148 మంది పిల్లలకి ఇదే జీవిని ఇచ్చి చూశారు. మోషన్లు ఆగడానికి పట్టిన సమయంలో తేడా కనిపించలేదు. మన దేశపు పిల్లలు, మన దగ్గరి జబ్బు, మన దగ్గర రాసే మందు. అదే ఏడాది టర్కీ నుంచి 221 మంది బరువు తక్కువ శిశువుల మీద మరో పరీక్ష వచ్చింది. పేగు కుళ్లే జబ్బు తగ్గలేదు, మరణాలూ తగ్గలేదు. పాలు ఇముడ్చుకోవడం మాత్రం కొంచెం మెరుగైంది. బెంగళూరు తయారీదారులు తమ రకంతోనే పేగుల చికాకు జబ్బు మీద 2016లో ఒక పరీక్ష ప్రచురించారు. ఫలితం బాగుంది, కానీ రోగులు 36 మంది. అమ్మేవాడే తూకం వేస్తే మా అంగట్లో ఎవరూ ఊరుకోరు, ఇక్కడ మాత్రం ఎందుకూరుకోవాలి?

నన్ను నిలబెట్టేసింది ఇంకో పేపరు. 2002లో రంజిత్ కుమార్ చంద్రా అనే పేరున్న పోషకాహార శాస్త్రవేత్త, ఈ గోలీ రోటావైరస్ విరేచనాల్ని బాగా తగ్గించిందని రాశాడు. దాన్ని ఎత్తిచూపుతూ ఎన్నో వ్యాసాలు వచ్చాయి. తర్వాత అతని మిగతా పనుల మీద అనుమానాలు ముదిరాయి. విటమిన్ల మీద రాసిన పేపర్‌ని 2005లో పత్రిక ఉపసంహరించింది. 1989లో బీఎంజేలో వచ్చిన పేపర్‌ని ఆ పత్రిక 2015లో వెనక్కి తీసుకుంది. ఇలాంటి మనిషి పేరు సాక్ష్యాల పట్టికలో ఉంటే, ఆ వరసని నేను లెక్కలోంచి తీసేస్తాను.

ప్రోబయోటిక్ అంటేనే మోసమా అని మిత్రుడొకడు అడిగాడు. అదీ తొందరపాటే. మన పక్కనే ఒడిశాలో 149 గ్రామాల్లో 4,556 మంది నవజాత శిశువులకి లాక్టోబాసిల్లస్ ప్లాంటరమ్ అనే జీవిని ఒక చక్కెరతో కలిపి వారం రోజులు ఇచ్చారు. పినాకి పాణిగ్రాహి బృందం 2017లో 'నేచర్'లో రాసిన దాని ప్రకారం, సెప్సిస్ వచ్చిన లేదా చనిపోయిన శిశువులు 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గారు. గొప్ప ఫలితం. కానీ అది ఆ జాతిది, అందులోనూ ఆ ఒక్క రకానిది. లాక్టోబాసిల్లస్ అనే పేరు అరువు తెచ్చుకున్న జీవికి ఆ ఫలితం అరువు దొరకదు. పేరు గొడవ పట్టించుకోవాల్సింది ఇందుకే. 2011లో ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ శాఖ కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ప్రోబయోటిక్‌ని జాతి దగ్గర ఆపకుండా రకం దాకా గుర్తించాలన్నాయి.

విరేచనాల మీద అన్ని రకాల ప్రోబయోటిక్ పరీక్షల్నీ కలిపి కోక్రేన్ సంస్థ 2020లో తూచింది: 82 పరీక్షలు, 12 వేలకి పైగా మనుషులు. రెండు రోజులు దాటినా ఆగని విరేచనాల విషయంలో పెద్ద తేడా ఉండకపోవచ్చని తేల్చింది.

మా నాయనమ్మ తరానికి గత్తర అనే మాట ఊరు ఖాళీ చేసే మాట. వానాకాలం రాగానే ఉట్నూరు, నార్నూరు, జైనూరు వైపు నుంచి అతిసారం వార్తలు జిల్లా పేజీలో ఇప్పటికీ కనిపిస్తాయి. అక్కడ పిల్లని చంపేది ఒంట్లో నీళ్లు పోవడం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి పడిపోయాయి. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ దానికి జింక్‌ని జోడించమన్నాయి. ఆ పొడి ప్యాకెట్‌కి ఫ్రిజ్ అక్కర్లేదు, స్పోర్ కవచమూ అక్కర్లేదు. ఆ పేరుకి కూడా దొంగలు పడ్డారు. చక్కెర నీళ్ల డబ్బాల మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్ముతున్నారని హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశం ఇచ్చింది.

జగిత్యాలలో మందుల షాపు నడిపే మా బావని ఈ దసరాకి అడిగాను, మోషన్లని వచ్చిన వాళ్లకి ఏమిస్తావని. "గోలీ అడిగితే గోలీ ఇస్త, పొడి నేనే చెప్పి ఇస్త. పొడికి ఎవ్వరూ మొఖం చూపియ్యరు బావా, ఉప్పు నీళ్లకు పైసలా అంటరు" అన్నాడు. జింక్ సంగతి అడిగితే, డాక్టరు రాస్తే ఇస్తానన్నాడు, తనంతట తను ఇవ్వడట.

ఈలోగా జీవి పేరు ఇంకో రెండుసార్లు మారింది. 2020లో ఇజ్రాయెల్ మొదటి అధ్యక్షుడు, కిణ్వన శాస్త్రవేత్త అయిన వైజ్‌మన్ పేరుతో వైజ్‌మానియా కోయాగులన్స్ అన్నారు. 2023లో బెల్జియం శాస్త్రవేత్త పేరుతో హైండ్రిక్సియా కోయాగులన్స్ అన్నారు. మా బావ కౌంటర్ మీదున్న అట్ట తిప్పి చూశాను. లాక్టోబాసిల్లస్ స్పోరోజెనెస్ అనే ఉంది, రకం నంబరు లేదు.