ఒకటో దెబ్బ: ఫంక్ సంగీతం కథ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమనగానే నేను కంప్రెసర్ల గురించే రాస్తానని మా 1985 బ్యాచ్ వాళ్లు భయపడ్డారట. భయం లేదు, పాటల గురించే రాస్తున్నాను.

మన బడి బ్యాండు గుర్తుందా? జనవరి 26 పరేడ్ కోసం డ్రిల్ మాస్టారు మనల్ని ఎండలో నిలబెట్టి, పెద్ద డ్రమ్ము దెబ్బ మీదే ఎడమ కాలు పడాలనేవారు. ఆ డ్రమ్ము మోసే కుర్రాడు ఒక్క దెబ్బ తప్పితే వరసలన్నీ తప్పేవి. 2004లో ఉద్యోగం పనిమీద అమెరికాలోని సిన్సినాటిలో ఆరు నెలలు ఉన్నాను. అక్కడ ఒక సహోద్యోగి కారులో జేమ్స్ బ్రౌన్ పాడిన 'కోల్డ్ స్వెట్' వినిపించాడు. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. కాలు మాత్రం ఆ దెబ్బని గుర్తుపట్టింది. ఆ పాట రికార్డయింది ఆ ఊళ్లోనేనని అతనే చెప్పాడు. అప్పటినుంచి ఫంక్ వెంట పడ్డాను.

'ఫంక్' అంటే మొదట్లో చెమట కంపు. మర్యాదస్తులు పలకని ఆ మాటని నల్లజాతి వాద్యకారులు మెప్పుగా మార్చుకున్నారు. 1900 ప్రాంతంలోనే న్యూ ఆర్లియన్స్‌లో బడీ బోల్డెన్ బృందం వాయించే ఒక పాట పేరులో ఈ మాట ఉండేది. అంతకు చాలా ముందు అదే ఊళ్లో కాంగో స్క్వేర్ అనే మైదానంలో బానిసలు ఆదివారాలు చేరి డోళ్లు వాయించి ఆడేవారు. తర్వాత శవయాత్రల్లో, ఊరేగింపుల్లో బ్రాస్ బ్యాండ్లు వచ్చాయి. ఫంక్ వేళ్లు ఆ వీధుల్లో ఉన్నాయి.

ఇక బ్రౌన్ చేసిన పని. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టండి. రిథమ్ అండ్ బ్లూస్ పాటల్లో ఊపు 2, 4 మీద ఉండేది, జనం చప్పట్లు కొట్టేదీ అక్కడే. బ్రౌన్ ఆ బరువు తెచ్చి 1 మీద పెట్టాడు. 1965లో 'పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్'లో మొదలైన ఈ మార్పు, 1967లో 'కోల్డ్ స్వెట్'కి వచ్చేసరికి పాటని మొత్తం మింగేసింది. రాగం మారడం దాదాపు ఆగిపోయింది. ప్రతి వాయిద్యమూ డ్రమ్మే అయిపోయింది. గిటారిస్టు జిమీ నోలెన్ తీగల్ని సగమే నొక్కి, కోడి నేల గీరినట్టు వాయించాడు. ఒకడు వదిలిన ఖాళీలో ఇంకొకడి దెబ్బ పడుతుంది. గేర్ పళ్లని చూసినవాడికి ఇది ఇట్టే తెలుస్తుంది: పన్నుతో పాటు ఖాళీ కూడా కొలత ప్రకారం ఉండాలి.

బ్రౌన్ యజమానిగా కఠినుడు. స్వరం తప్పినా, బూట్లు మెరవకపోయినా జరిమానా. 1970లో బృందం జీతాల మీద ఎదురు తిరిగితే వాళ్లని వదిలేసి, సిన్సినాటి నుంచి కుర్రాళ్లని విమానంలో రప్పించి స్టేజీ ఎక్కించాడు. వాళ్లలో బాస్ గిటారు బూట్సీ కాలిన్స్‌కి అప్పటికి 18 ఏళ్లు.

పశ్చిమ తీరంలో లారీ గ్రాహమ్ కథ వేరు. వాళ్లమ్మ పియానో, ఇతను బాస్. వాళ్ల దగ్గర డ్రమ్మర్ లేకపోతే, ఆ లోటు తీర్చడానికి బొటనవేలితో తీగని కొట్టి, వేలితో లాగి వదిలాడు. లోటు కప్పిపుచ్చుకోబోతే కొత్త పద్ధతే పుట్టింది. జార్జ్ క్లింటన్ స్టేజీ మీదికి దింపిన అంతరిక్ష నౌక గురించి కూడా రాయాలని ఉంది కానీ, సంపాదకులు ఊరుకోరు.

నాకు మనసులో నిలిచినవాడు క్లైడ్ స్టబల్‌ఫీల్డ్. టెన్నెసీ రాష్ట్రంలోని చాటనూగాలో 1943లో పుట్టాడు. డ్రమ్ములు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఫ్యాక్టరీల చప్పుడు, రైళ్ల చప్పుడు వింటూ లయ పట్టుకున్నానని చెప్పేవాడు. 1969 నవంబరులో సిన్సినాటిలో 'ఫంకీ డ్రమ్మర్' రికార్డు చేస్తుండగా, బ్రౌన్ మిగతావాళ్లని ఆపి ఇతనికి వదిలాడు. దాదాపు 20 సెకన్ల దరువు, అంతే. పాట విడుదలైంది, పెద్దగా ఆడలేదు. 1980లలో శాంప్లర్ యంత్రాలు వచ్చాక ర్యాప్ సంగీతకారులు ఆ 20 సెకన్లని కోసి తీసుకుని, దానిమీద తమ పాటలు కట్టారు. అలా వెయ్యికి పైగా పాటల్లో ఆ దరువు ఉంది.

అతనికి మాత్రం వాటి రాయల్టీ రాలేదు. రచయితగా పాట మీద ఉన్న పేరు బ్రౌన్‌ది. చట్టం మాటలకీ బాణీకీ హక్కు ఇచ్చింది. దరువు వేసినవాడు జీతగాడు. ఇంజనీర్లకి ఇది కొత్త కాదు, డ్రాయింగ్ వేసినవాడి పేరు శంకుస్థాపన ఫలకం మీద ఎప్పుడుంది? స్టబల్‌ఫీల్డ్ విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో స్థిరపడి, ఏళ్ల తరబడి సోమవారాలు ఒక చిన్న క్లబ్బులో వాయించాడు. క్యాన్సర్ వచ్చినప్పుడు ఆసుపత్రి బిల్లు గాయకుడు ప్రిన్స్ బయటికి చెప్పకుండా కట్టాడు. 2017లో స్టబల్‌ఫీల్డ్ చనిపోయాడు.

ఈ వ్యాసంతో 1984 పరేడ్ ఫొటో పంపుతున్నాను. వెనక పెన్సిల్‌తో అందరి పేర్లూ ఉన్నాయి, పెద్ద డ్రమ్ము మోస్తున్నవాడిది తప్ప. మాకంటే ఒక ఏడాది సీనియర్, కాలవ అవతలి ఊరి నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. గుర్తున్నవాళ్లు సభ రోజున నాకు చెప్పండి, పెన్ను తెచ్చుకుంటాను.