కొండవీటి చెరువులు

కొండవీటి ప్రాకారములను మెచ్చువారు కొండమీఁది ముత్యాలమ్మ, పుట్టాలమ్మ, వెదుళ్ళ చెరువులను చూచియుఁ జూడక సాగిపోదురు. కాని వాననీటి నచ్చట నొడిసిపట్టి నిలుపుకొననిచో, ఎంతటి గోడయు దుర్గమునందలి సైన్యమునకు దాహము తీర్పఁజాలదు గదా!

కొండవీటి నేలిన రెడ్డిరాజుల జలచింత కొండతో నాఁగలేదు. పెదకోమటి వేమారెడ్డి రాణి సూరాంబిక 1409లో ఫిరంగిపురమున సంతానసాగరమును త్రవ్వించెను. ఆ త్రవ్వకమును దెలుపు శాసనమును రచించినవాఁడు సాక్షాత్తు మహాకవి శ్రీనాథుఁడు. పిదప వేమారెడ్డి కుమారుఁడు రాచవేముఁడు ఆ చెరువునకు నీరు చేర్చుటకై జగనొబ్బగండ కాలువను త్రవ్వించెను. చెరువు కట్టినంతనే పని ముగియదని, నీటిత్రోవను గూడఁ గాపాడవలెనని వారెఱుఁగుదురు.

అట్టి జలచింత కొఱవడిన 1832–33 నాఁటి నందన సంవత్సరపుఁ గరవున గుంటూరుసీమ ప్రజలలో మూఁడవవంతునకుఁ దక్కువగాక నశించిరని అంచనా. వానలేమితోపాటు పాలకుల యుపేక్షయు దానికిఁ గారణమే. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగిన పిమ్మట, ఆ సీమలోని పలనాటి చూపు ఆకాశమునుండి కృష్ణకాలువకు మరలినది.

కాని నేఁడు వాన తీరే మాఱుచున్నది: గాలి ఒక్క సెల్సియస్ డిగ్రీ వేఁడెక్కినచో దాదాపు ఏడు శాతము అధికముగా నీటియావిరిని మోయఁగలదు; కావున వాన ఒక్కపెట్టున కుంభవృష్టియై కురిసి, తరువాత దినములతరబడి మొగము చాటువేయుట పెరుగుచున్నది. ఇట్టి వానకుఁ గావలసినది పట్టి నిలుపు చెరువే. బురుజుల మరమ్మతుకంటె ముందుగాఁ జెరువుల పూడిక తీయింపవలెను.