భయమేస్తే ‘ఐ యామ్ స్కేరీ’ అంటున్నారా? అర్థం మొత్తం మారిపోతుంది!

భయం గురించి చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. గుండె జారిపోతుంది, ముచ్చెమటలు పడతాయి, పై ప్రాణాలు పైనే పోతాయి. అదే ఇంగ్లీష్‌లో చెప్పాల్సి వస్తే మాత్రం చాలామంది ‘ఐ యామ్ ఫియరింగ్’ అనేస్తారు. మాట్లాడే ఇంగ్లీష్‌లో ఇలా ఎవరూ అనరు. ‘ఐ యామ్ స్కేర్డ్’ అంటే చాలు.

అసలు తిప్పలు స్కేర్డ్, స్కేరీ దగ్గరే. స్కేర్డ్ అంటే భయపడినవాళ్లు, స్కేరీ అంటే భయపెట్టేది. దెయ్యం సినిమా స్కేరీ, చూసినవాళ్లు స్కేర్డ్. ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ స్కేరీ’ అంటే ‘నన్ను చూస్తే జనం జడుసుకుంటారు’ అని చెప్పుకున్నట్టే! అక్కడ ‘ఐ యామ్ ఎ బిట్ నర్వస్’ అంటే పద్ధతిగా ఉంటుంది.

అఫ్రైడ్ పక్కన వచ్చే చిన్న మాట కూడా ముఖ్యమే. ‘అఫ్రైడ్ ఆఫ్ మై సన్’ అంటే కొడుకంటేనే భయం. ‘అఫ్రైడ్ ఫర్ మై సన్’ అంటే కొడుక్కి ఏమవుతుందోనని బెంగ. ఆస్పత్రిలో డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఈ రెండూ తారుమారైతే కష్టం.

ఇదే అఫ్రైడ్ కొన్నిసార్లు భయానికి సంబంధమే లేకుండా వస్తుంది. కంపెనీ హెచ్‌ఆర్ నుంచి వచ్చిన మెయిల్ ‘ఐ యామ్ అఫ్రైడ్’ అని మొదలైతే వాళ్లెవరో భయపడుతున్నారని కాదు. ‘సారీ, కుదరదు’ అని మర్యాదగా చెప్పబోతున్నారని అర్థం. ఇది తెలియక మెయిల్‌ను సగం చదివి ఆశ పెట్టుకోవద్దు.

ఇక జాతీయాలు. పరీక్ష హాల్లోకి వెళ్లే ముందు కడుపులో ఏదో తిప్పినట్టు ఉంటుంది కదా, అదే ‘బటర్‌ఫ్లైస్ ఇన్ మై స్టమక్’. టెన్షన్‌లో అడ్రినలిన్ విడుదలై పొట్టకు రక్త ప్రసరణ తగ్గుతుంది. కడుపులో ఆ తేడా అందుకే. కాళ్లూ చేతులూ ఆడకపోతే ‘ఐ వాజ్ పెట్రిఫైడ్’ అనాలి. రాయి అనే అర్థమున్న పాత గ్రీకు మాట నుంచి పుట్టింది ఇది. మన ‘శిలలా నిలబడిపోయాడు’కి దాదాపు జోడీ. వెనక నుంచి ఎవరైనా ‘భౌ’ అంటే ఉలిక్కిపడటం ‘జంప్ అవుట్ ఆఫ్ మై స్కిన్’. ముఖంలో నెత్తురు చుక్క లేకపోతే ‘వైట్ యాజ్ ఎ షీట్’.

‘కోల్డ్ ఫీట్’ దగ్గర జాగ్రత్త. కాళ్లు చల్లబడ్డాయని కాదు, తీరా సమయానికి జంకి వెనక్కి తగ్గడం. పెళ్లికి ముందు రోజు ‘హీ గాట్ కోల్డ్ ఫీట్’ అని వినిపిస్తే పెళ్లికొడుకు ఊగిసలాటలో పడ్డాడన్నమాట. దుప్పటి కప్పితే పోయేది కాదు!

గూస్‌బంప్స్ సంగతి తెలిసిందే. ఈకలు పీకిన బాతు చర్మంలా ఒళ్లు గగుర్పొడవడం. ఇంగ్లీష్‌లో భయానికీ, చలికీ, ఉద్వేగానికీ అన్నిటికీ వాడతారు. మన దగ్గర మాత్రం హీరో ఎంట్రీకే ఫిక్స్ అయిపోయింది.

గట్టిగా చెప్పాలంటే ‘ఇట్ స్కేర్డ్ ది లివింగ్ డేలైట్స్ అవుట్ ఆఫ్ మీ’. అంటే హడలి చచ్చానని. 1987లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా ‘ది లివింగ్ డేలైట్స్’ పేరులో ఉన్నదీ ఈ మాటలే. ఫ్రెండ్స్ మధ్య బాగుంటుంది కానీ ఆఫీస్ మెయిల్‌లో వద్దు.