పొద్దు నెత్తికొచ్చే లోపల



మన పక్క సేద్యానికి ఒక గడియారం ఉండేది. చీకటితోనే మడక కట్టేవాళ్లు. పొద్దు నెత్తికొచ్చే లోపల ఎద్దుల్ని విప్పేసేవాళ్లు. సంగటి, మజ్జిగ, చింతచెట్టు నీడ. మళ్లీ పొద్దు వాలినాకే కయ్యలోకి. ఎద్దు రొప్పితే మనిషీ ఆగేవాడు.

ట్రాక్టరు వచ్చినాక రొప్పేదానికి ఎద్దు లేకపోయె. దినకూలి పోయి చాలా పనులు గుత్తకి మారినాయి. ఎన్ని క్రేట్లు మోస్తే అంత డబ్బు. నీడన కూర్చుంటే కూలి తెగుతుంది.

2003 వేసవిలో ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా వడదెబ్బకి పోయినారు. 2015లో విడిపోయిన ఆంధ్రలోనే సర్కారు లెక్క 1,369. కోస్తాలో ఎక్కువ. అక్కడ గాలిలో తేమ ఉంటుంది, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పోయినోళ్లలో చానామంది ముసలోళ్లు, ఎండలో పనిచేసే కూలోళ్లు. అదీ లెక్కకెక్కినోళ్ల సంగతే. గట్టు మీద పడిపోయినోణ్ణి "గుండె ఆగింది" అని ఆ సాయంత్రమే సాగనంపితే ఏ లెక్కలోకీ రాడు.

ఆ తర్వాత సర్కారు చెప్పిందేమి? మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలోకి పోవద్దని. మన తాతలు చేసిందే కదా! 2005 ఉపాధి హామీ చట్టంలో పనిచోట తాగునీళ్లు, నీడ ఉండాలని రాసినారు. మరి మన తోటలో కాయ కోసేవాళ్లకి? తిరుపతిలో బండి మీద భోజనాలు మోసే మన ఊరి పిల్లోళ్లకి? వాళ్లదీ గుత్తే, ఆర్డరుకి ఇంత అని.

మొన్న తోతాపురి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీ ముందర ట్రాక్టర్ల వరసలో ఉన్నాం. మా లోడు కూలి ఒకడు పొంతన లేకుండా మాట్లాడినాడు. ఒళ్లు కాలిపోతా ఉంది. తాగినాడేమో అనుకున్నాను. అది నా తప్పు. పక్క ట్రాక్టరాయన నీడకి లాగి, బిందెడు నీళ్లు పోసి, తువ్వాలుతో విసిరి, 108కి ఫోన్ చేసినాడు. బతికినాడు.

మాట తడబడితే అది వడదెబ్బ అనుకోండి. తెలివి తప్పినోని నోట్లో నీళ్లు పోయొద్దు, ఒంటి మీద పోయండి. అంతకన్నా ముందు ఒకటి మన చేతిలో ఉంది. ఈ వేసవికి కోత తెల్లారి 5కి మొదలుపెట్టి 10కి ఆపండి, మిగిలింది సాయంత్రం. గుత్త అయినా సరే, ఆ నీడ గంటలకి కూలి కోయొద్దు. ఎద్దుకిచ్చిన నీడ మనిషికి ఇవ్వలేమా?